బీడు నేల కూడా దేవునిదే



చీతా, చిరుతపులి ఒకటేనా అని సండే స్కూలు పిల్లలు మమ్మల్ని అడిగారు. కాదు. చిరుత గుట్టల్లో దాగుతుంది, చెట్టెక్కుతుంది. చీతాకు పరుగెత్తే మైదానం కావాలి. దాని కళ్ల నుండి నోటి దాకా కన్నీటి చారల్లాంటి నల్లని గీతలుంటాయి. చీతా అన్న పేరు మన దేశపు మాటే. మచ్చలు గలది అని అర్థం. పేరు మిగిలింది గానీ జంతువు మిగలలేదు.

1947లో కొరియా సంస్థానపు రాజు మూడింటిని కాల్చాడు. మన దేశంలో చివరివి అవేనంటారు. 1952లో ప్రభుత్వం చీతా అంతరించిందని ప్రకటించింది. తప్పు తుపాకీది ఒక్కటే కాదు. జింకల వేటకు రాజులు చీతాలను పట్టి పెంచేవారు, బందీగా ఉన్న చీతా పిల్లలను పెట్టడం బహు అరుదు. గడ్డి నేలలను బంజరని రాసి మనుషులు దున్నారు, కట్టారు. కృష్ణజింకలు తగ్గాయి, చీతాకు ఆహారం పోయింది.

మన హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఇరాన్ చీతా కణాలతో క్లోనింగ్ చేయాలనుకున్నారు, ఇరాన్ ఒప్పుకోలేదు. అక్కడ మిగిలినవి 50కి లోపే. సౌదీ నుండి బహుమానంగా వచ్చిన జంట నెహ్రూ జూలో ఉండేది. వాటిలో మగది 2023లో చనిపోయింది.

2022 సెప్టెంబరు 17న నమీబియా నుండి ఎనిమిది, మరుసటి ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుండి పన్నెండు చీతాలు మధ్యప్రదేశ్‌లోని కూనోకు వచ్చాయి. 2023 మార్చిలో ఒక తల్లి నాలుగు పిల్లలను పెట్టింది. ఆ ఎండాకాలంలోనే మూడు పోయాయి. ఒక్కటి బ్రతికింది. పోగొట్టడం తేలిక, తిరిగి తేవడం ఎంత కష్టమో చూడండి.

నోవహుకు దేవుడు జంతువులను ఓడలోనికి చేర్చమని మాత్రమే చెప్పలేదు. వాటికి ఆహారం కూడా కూర్చుకోమన్నాడు. ప్రాణిని కాపాడడమంటే దాని తిండినీ చోటునూ కాపాడడమే.

మేడ్చల్ నుండి షామీర్‌పేట దాకా బీడు భూములు వెంచర్లవుతున్నాయి. షామీర్‌పేటలో జింకలను చూడాలంటే ఇప్పుడు పార్కు కంచె దగ్గరికి పోవాలి. మన మందిరం వెనుక కొన్ని గుంటల బీడు మిగిలింది. అందులో కంజు పిట్టలున్నాయి, కుందేళ్లున్నాయి. జేసీబీ పెట్టి చదును చేయిద్దాం, బండ్లు పెట్టుకోవచ్చని పెద్దలు అంటున్నారు. వారి ఇబ్బంది నిజమే. క్రిస్మస్ నాడు బండ్లు రోడ్డు మీదికి వస్తున్నాయి.

మా మనవి ఒక్కటే. రోడ్డు వైపు సగం చదును చేద్దాం. చెరువు వైపు సగం గడ్డిని అలాగే వదిలి, నిప్పు పెట్టకుండా, ఉచ్చులు పెట్టనీయకుండా కాద్దాం. దీనివల్ల మన ఊరికి చీతా రాదు. ఉన్న కంజు పిట్ట పోకుండా ఉంటుంది. ఏదెను తోటను సేద్యపరచమని, కాయమని దేవుడు ఆదాముకు రెండు పనులు అప్పగించాడు. మొదటిది మనం బాగానే చేస్తున్నాం.

వచ్చే ఆదివారం ఆరాధన తరువాత సంఘమంతా కూర్చుని తేల్చుకుందాం. అంతవరకు ప్రార్థన చేయండి. ప్రభువు కృప మీకు తోడై యుండును గాక. ఆమెన్.