గ్రీజు పెట్టిన పేరు

వీధికి పేరు పెట్టాలంటే మునిసిపాలిటీ తీర్మానం కావాలి. కాలిఫోర్నియాలో ఫెయిర్‌ఫాక్స్ పక్కనున్న కొండదారికి గ్రీజే పేరు పెట్టింది. 1976లో కుర్రాళ్లు పాత సైకిళ్లపై ఆ మట్టిరోడ్డు దిగే పందేలు మొదలెట్టారు. పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకులవి. కిందికొచ్చేసరికి కాగిపోయి, హబ్‌లోని గ్రీజు పొగైపోయేది. మళ్లీ కూరాల్సిందే. అలా అది ‘రీప్యాక్’ అయింది. (మెకానిక్ షాపు పేరులా ఉంటే ఉండనీండి.)

1980లలో ఆ కౌంటీలోనే చాలా కాలిబాటల్లో సైకిళ్లను నిషేధించారు. నడిచేవాళ్ల భయమూ నిజమే. అలాంటి నిషేధాలను ఎదుర్కోవడానికే 1988లో కాలిఫోర్నియా క్లబ్బులు కలిసి ఇంటర్నేషనల్ మౌంటెన్ బైసైక్లింగ్ అసోసియేషన్ స్థాపించాయి. సంఘాలొచ్చాక అధికారులతో మాట్లాడే మనిషి దొరికాడు. రీప్యాక్ లాంటి పేరు మాత్రం ఏ కమిటీకీ తట్టదు. ఆ దారి అసలు పేరు కాస్కేడ్ కేన్యన్ ఫైర్ రోడ్డు. సైక్లిస్టులెవరూ అలా పిలవరు.