రూపాయి మీద రెండో గీత

పాత వెండి రూపాయిని పదింతలు చూపే భూతద్దం కింద పెట్టి ఎప్పుడైనా చూశారా? చూడకపోతే వెంటనే చూడండి. అరచేతిలో ఇమిడే నాణెం మీద ఇంత కథ ఉంటుందని ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదు!

రంపచోడవరం చుట్టూ కొండ ఊళ్లలో పెద్దవాళ్ల మెడలో పాత రూపాయల దండలు అక్కడక్కడా ఇంకా ఉన్నాయి. మా వీధి మామ్మ తన దండను ఓపిగ్గా చూడనిచ్చింది. అందులో 1862 నాటి విక్టోరియా రూపాయి, 11.66 గ్రాములది. రాణి పేరులో కొన్ని అక్షరాల పక్కన మరో అంచు! రెండుసార్లు ముద్ర పడినట్టుంది.

ఇక్కడే అసలు మజా. ఆ జంట అచ్చులోనే ఉందా, లేక దెబ్బ పడిన క్షణంలో పుట్టిందా?

అచ్చు తయారుచేసేటప్పుడు మూల ముద్రను ఉక్కు మీద ఒక్కసారి నొక్కితే చాలేది కాదు. ఉక్కు గట్టిపడుతుంది, కాల్చి మెత్తబరచి మళ్లీ నొక్కాలి. రెండోసారి వెంట్రుకవాసి పక్కకు తిరిగిందా, ఆ అచ్చుతో కొట్టిన ప్రతి నాణెం మీదా అదే జంట దిగుతుంది. రెండు గీతలూ ఉబ్బెత్తుగా, గుండ్రంగా ఉంటాయి. అక్షరం లావెక్కుతుంది, మూలల్లో చీలిక కనిపిస్తుంది. 1955లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ముద్రించిన లింకన్ సెంటు ఇలాగే జగత్ప్రసిద్ధమైంది.

రెండోది వేరు. అచ్చు తన గూటిలో వదులుగా ఉంటే, దెబ్బ కొట్టి పైకి లేచేటప్పుడు కాస్త జరుగుతుంది. అప్పటికే లేచిన అక్షరాన్ని ఒక పక్క నొక్కేస్తుంది. ఆ పక్కన బల్లపరుపుగా, తక్కువ ఎత్తులో మెట్టులా మిగులుతుంది. అక్షరం లావెక్కదు సరికదా, సన్నబడుతుంది! మామ్మ రూపాయిది ఇదే. వెలుగును వాలుగా పడేలా తిప్పితే మెట్టు తళుక్కుమంది.

అసలైన అచ్చు తేడాలూ ఆ రకం రూపాయల్లో ఉన్నాయి. 1862 అనే తేదీనే 1874 దాకా ముద్రించారు. బొంబాయి టంకశాల రూపాయల్లో వెనకవైపున్న చిన్న చిన్న చుక్కలను బట్టి అవి ఏ ఏటివో సేకర్తలు లెక్కగడతారు. 1879లో ఈ కొండల్లో రంప పితూరీ (తిరుగుబాటు) లేచేనాటికి మన సంతల్లో ఈ రాణి రూపాయలే తిరిగి ఉండాలి. దండలోని మిగతా రూపాయలకు ఎన్నెన్ని చుక్కలున్నాయో చూడాలి. మామ్మ సరేనంది.