బటన్ వదిలినా ఆగని డ్రమ్ము

డెన్వర్ నుంచి పడమరకి రాకీ పర్వతాలు దాటి దిగితే గ్రాండ్ జంక్షన్ వస్తుంది. కొలరాడో రాష్ట్రానికి ఆ వైపు చివరి పెద్ద ఊరు అదే. ఇంకో రెండు గంటలు పోతే యూటాలోని మోయాబ్. 1950ల్లో యురేనియం వెతికేవాళ్ళు అక్కడి ఎర్ర కొండల్లో వేసుకున్న బాటల మీదే ఇవాళ జీపులవాళ్ళు సరదాగా తిరుగుతుంటారు. 1967లో మొదలైన జీపుల సంబరం ఇప్పటికీ ఈస్టరు రోజుల్లో అక్కడ జరుగుతోంది. మా మేనల్లుడికి ఆ దారులంటే ప్రాణం. డెన్వర్‌లో ఉద్యోగం. సెలవు దొరికిందంటే చిన్న ఆఫ్‌రోడ్ బండిని ట్రెయిలర్ మీదికి ఎక్కించుకుని బయల్దేరతాడు. ఈసారి నన్నూ ఎక్కించుకున్నాడు.

"మ్యూజియాలు వద్దు, అక్కడ పనిచేసేవాళ్ళని చూసి రాయండి" అని మా సంపాదకుడు బయల్దేరేటప్పుడే చెప్పాడు. మేనల్లుడి బండికి రీకాల్ పని, అంటే లోపమున్న భాగాన్ని కంపెనీయే ఉచితంగా మార్చి ఇచ్చే పని, ఉండి గ్రాండ్ జంక్షన్‌లో ఒక డీలరు దగ్గర ఆగాల్సి వచ్చింది కాబట్టి, నేను వర్క్‌షాపు వెతుక్కోనక్కర్లేకపోయింది.

కౌంటరులో ఉన్నావిడ షోరూమంతా తిప్పి చూపిస్తానంది. కొత్త బండ్లు, హెల్మెట్లు, రంగురంగుల సీట్లు ఉన్నాయి. నేను వెనక షెడ్డు దగ్గరే ఆగిపోయాను. అరవై దాటిన మెకానిక్ ఒకాయన మా వాడి బండి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, బంపరు సందుల్లో ఎండిపోయిన మట్టిని పాత పెయింటు బ్రష్షుతో నెమ్మదిగా దులుపుతున్నాడు. గోడకి కంప్రెసర్ పైపు వేలాడుతోంది. దాంతో ఒక్కసారి కొడితే పోయే మట్టే కదా అన్నాను. గాలి కొడితే మట్టి ప్లగ్గుల్లోకి దూరుతుంది, ఆ వచ్చిన తగులాటమంతా మట్టీ తడీ లోపలికి పోబట్టే కదా అన్నాడు. అన్నాడే కాని తల ఎత్తలేదు.

తగులాటం ఏమిటంటే, బండి ముందు బిగించిన వించ్. ఒక మోటారు, పళ్ళచక్రాలు, డ్రమ్ము, దాని మీద చుట్టిన తాడు, చివర కొక్కెం. బండి ఇసుకలో దిగబడితే కొక్కేన్ని దూరంగా ఉన్న చెట్టుకో బండకో కట్టిన పట్టీకి తగిలించి, చేతిలో రిమోట్ బటన్ నొక్కితే డ్రమ్ము తిరిగి బండి తనంతట తానే పైకి వస్తుంది. మా వాడి వించ్ 4,500 పౌండ్లది, అంటే రెండు టన్నుల బరువు లాగుతుంది. పన్నెండు వోల్టుల బ్యాటరీ నుంచి వందల ఆంపియర్లు తీసుకుంటుంది. ఇంత బలాన్నీ నడిపేది అరచేతిలో పట్టే ఒక వైర్‌లెస్ రిమోట్, అందులో ఒక నాణెం సెల్లు, రెండు రబ్బరు బటన్లు.

కొన్ని రిమోట్లలో బటన్ మీంచి వేలు తీసేసినా సంకేతం ఆగడం లేదని, డ్రమ్ము తిరుగుతూనే ఉంటోందని, చేతులు నలిగే ప్రమాదం ఉంది కాబట్టి వెంటనే వాడడం ఆపేసి ఉచితంగా మార్పించుకోవాలని తయారీదారు నుంచి ఉత్తరం వచ్చింది. మా వాడు దాన్ని చదివి పక్కన పడేశాడు. వాళ్ళమ్మ, అంటే మా అక్క, ఫోన్లో గొడవ చేస్తే కాని అపాయింట్‌మెంట్ తీసుకోలేదు.

ముందు పది నంబరు పానాతో బ్యాటరీ నెగిటివ్ వైరు విప్పి, దాని మొన మళ్ళీ తగలకుండా గుడ్డ చుట్టాడు ఆ పెద్దాయన. తర్వాతే, రిమోట్ సంకేతాన్ని అందుకునే రిసీవర్ పెట్టె మీద చెయ్యి వేశాడు. ప్లగ్గు లాగేటప్పుడు వైరు పట్టుకోలేదు, ప్లగ్గు ఒంటినే పట్టుకుని అటూ ఇటూ వెంట్రుకవాసి కదుపుతూ తీశాడు. పాత రిమోట్‌ని మళ్ళీ ఎవరూ వాడకుండా లోపలి బోర్డు కత్తిరించి పారేయాలని రీకాల్ సూచనల కాగితంలో ఉంది. కత్తిరించే ముందు విప్పి నా ముందు పెట్టాడు. పెట్టె అంచున తిరిగే సన్నటి రబ్బరు ఒక మూల నొక్కుకుపోయి ఉంది. ఆ మూలకి దగ్గర్లోనే బటన్ కింద రాగి మీద ఆకుపచ్చ చిలుము. "ఇంతే" అన్నట్టు వేలితో చూపించాడు. వేలి గోరు అంచంత చిలుము. అక్కడ తడి చేరితే వేలు తీసినా బటన్ నొక్కినట్టే ఉండిపోతుంది.

ఆయన చెప్పినవాటిలో నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలిన మాట ఒకటుంది. బండి దిగబడి తాడు బిర్రుగా ఉన్నప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారట. దూరంగా జరుగుతారు, పిల్లల్ని వెనక్కి పంపుతారు. బండి బయటికొచ్చాక, ఖాళీ తాడుని డ్రమ్ము మీదికి చుట్టేటప్పుడు వేళ్ళు పోతాయి. బరువు లేనప్పుడే డ్రమ్ము వేగంగా తిరుగుతుంది. గండం గడిచిందన్న ధీమాతో మనిషి కొక్కెం పట్టుకుని బంపరు దాకా నడిచొస్తాడు. రెండో చేతిలో రిమోట్. బటన్ వదిలాడు, డ్రమ్ము ఆగలేదు. కొక్కేనికీ తాడు దూరే కంతకీ మధ్య వేళ్ళున్నాయి. అందుకే కొక్కేనికి జానెడు ఎర్ర పట్టీ ఒకటి కట్టి ఇస్తారు, పట్టుకుంటే ఆ పట్టీనే పట్టుకోవాలి. మా వాడి బండికి ఆ పట్టీ లేదు. పెద్దాయన వాడి వైపు ఒక్క చూపు చూసి, సొరుగులోంచి కొత్త పట్టీ తీసి కట్టాడు. అది కాగితంలో లేని పని.

షెడ్డు మూల బల్ల మీద పాతకాలపు వార్న్ వించ్ ఒకటి ఉంది, ఎం8274 రకం, 1974 నాటి నుంచి పేరున్నది. బాగుచెయ్యమని ఎవరో ఇచ్చి వెళ్ళారట. దానికి వైరు రిమోట్. ఏదైనా తేడా వస్తే వైరు ప్లగ్గు లాగేస్తే సరి అని చూపించాడు. వైర్‌లెస్ వచ్చాక మనిషి దూరంగా నిలబడి లాగగలుగుతున్నాడు, అది మంచిదే, కాని లాగిపారేయడానికి చేతిలో ఏమీ లేదు. అందుకని వచ్చిన ప్రతివాళ్ళకీ బ్యాటరీ కటాఫ్ స్విచ్ పెట్టించుకోమని చెబుతాడట. మన లారీల్లో చాలావాటికి ఉండేదే అది. డబ్బు దండుకోవడానికి చెబుతున్నాడనుకుని వినరట చాలామంది.

కొత్త రిసీవరు, కొత్త రిమోట్ జతచేశాక పరీక్ష మొదలుపెట్టాడు. నొక్కడం, వదలడం, డ్రమ్ము ఆగిందా లేదా చూడడం. రిమోట్‌ని తడిగుడ్డలో చుట్టి మళ్ళీ నొక్కడం. బండి వెనక్కి వెళ్ళి, షెడ్డు బయటికి వెళ్ళి నొక్కడం. సర్వీసు మేనేజరు గడియారం చూసుకుంటూ రెండుసార్లు వచ్చి వెళ్ళాడు.

ఆ గడియారం సంగతి అక్కడి కుర్ర మెకానిక్ చెప్పాడు, కాస్త కోపంగానే. రీకాల్ పనికి ఇంత సమయమని కంపెనీ ముందే రాసేస్తుంది. ఆ సమయానికే కూలి. బురద కడిగితే, తుప్పు పట్టిన బోల్టు విరిగితే, పదిసార్లు పరీక్షిస్తే ఆ సమయమంతా మెకానిక్ జేబులోంచే పోతుంది. అందుకని షాపుల్లో రీకాల్ పని అంటే మొహం చిట్లిస్తారట. "ఆయన రిటైరైతే ఇంతసేపు ఎవరు చూస్తారు?" అన్నాడు. మనుషుల వేళ్ళు కాపాడే పనికి చమురు మార్చే పని కన్నా తక్కువ విలువ కట్టే లెక్క ఎవరు వేసినా అది తప్పుడు లెక్కే. ఒక లోపాన్ని ఒప్పుకుని ఉత్తరాలు రాయడం దాకా కంపెనీకి గౌరవమే, కాని ఆ ఒప్పుకోలుకి విలువ తెచ్చేది ఈ షెడ్డులో మోకాళ్ళ మీద కూర్చున్న మనిషి ఓపిక. దాన్ని నిమిషాల్లెక్కన కోసేస్తే ఉత్తరం ఉత్తరంగానే మిగిలిపోతుంది.

అంతలో కౌంటరు దగ్గర గొంతులు లేచాయి. పశువుల దొడ్డి ఉన్న రైతు ఒకాయన, కంచెలు లాగడానికి వించ్ వాడతాడట, బండిని పక్క ఊళ్ళో ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. ఆయనకి ఉత్తరం రాలేదు. విడిభాగం కోసం వస్తే గోడ మీది రీకాల్ కాగితం కనబడింది. "కాగితం చూడకపోతే నా సంగతేమిటి?" అని ఆయన పోరు. కౌంటరులోని ఆవిడ దగ్గర దానికి సమాధానం లేదు.

రోడ్డు మీద తిరిగే కార్ల సంగతి వేరు. అమెరికాలో 1966 చట్టం ఆధారంగా రోడ్డు భద్రత సంస్థ రీకాళ్ళు చూస్తుంది. రిజిస్ట్రేషన్ లెక్కల్ని బట్టి ఇప్పటి యజమాని ఇంటికి ఉత్తరం వెళుతుంది. కొండల్లో, పొలాల్లో తిరిగే బండ్లు ఆ సంస్థ కిందికి రావు. వాటినీ, వాటికి తగిలించే సామాన్లనీ చూసేది 1972 చట్టంతో పుట్టిన వినియోగ వస్తువుల భద్రతా కమిషన్. మిక్సీలూ ఉయ్యాలలూ బొమ్మలూ చూసేది కూడా అదే. ప్రమాదం ఉందని తెలిసిన 24 గంటల్లో తయారీదారు కమిషన్‌కి చెప్పి తీరాలి. ఆలస్యం చేస్తే ఊరుకోరు. 2016 ఏప్రిల్‌లో పొలారిస్ కంపెనీ మంటలంటుకుంటున్నాయని ఆర్‌జెడ్‌ఆర్ ఆఫ్‌రోడ్ బండ్లని సుమారు 1,33,000 వెనక్కి పిలిచింది. మంటల ముప్పు ఉన్న బండ్ల సంగతి వెంటనే చెప్పలేదన్న అభియోగం మీద 2018లో రెండు కోట్ల 72 లక్షల 50 వేల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. 2008 చట్టం వచ్చాక రీకాల్ అయిన వస్తువుని అమ్మడం కూడా నేరమే. ఇన్ని కోరలున్న వ్యవస్థలోనూ చేతులు మారిన సామాను ఎవరి దగ్గరుందో చెప్పే చిట్టా లేదు. బండికైనా నంబరు ఉంటుంది, బంపరుకి బిగించిన వించ్ ఎవరిదో ఎవరికి తెలుసు?

పని ముగించి చేతులు తుడుచుకుంటూ పెద్దాయన మా వాణ్ణి అడిగాడు, ఇదే రకం రిమోట్ ఇంతకుముందు ఇంకోటి ఉండేదా అని. కాగితంలో లేని ప్రశ్న. మా వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత తెలుగులో నాతో, "మావయ్యా, పాత బండి అమ్మేటప్పుడు వించ్ విప్పేసి చిన్నాన్న కొడుక్కి ఇచ్చాను. హైదరాబాద్ తీసుకెళ్ళి థార్‌కి పెట్టించుకున్నాడు" అన్నాడు. వికారాబాద్ వైపు అనంతగిరి దారుల్లో వర్షాకాలం బురదలో ఆ పిల్లలు బండ్లు తిప్పుతారని నాకూ తెలుసు.

షెడ్డు బయట నుంచే ఫోన్ చేశాం. అక్కడ రాత్రి. నిద్రలో లేచిన కుర్రాడు, "రిమోట్ బాగానే పనిచేస్తోంది కదన్నా" అన్నాడు. రిసీవర్ వెనక స్టిక్కరు ఫొటో తీసి పంపమంటే, బంపరుకి రంగు వేయించినప్పుడు స్టిక్కరు మీదా రంగు పడిందన్నాడు. తెల్లారి గీకి పంపిన ఫొటోలో అంకెలు రీకాల్ జాబితాలోవే. మార్పిడి సామాను ఇండియాకి పంపరట. రిసీవర్ ప్లగ్గు పీకేసి, పెట్టెలో మూలన పడి ఉన్న వైరు రిమోట్‌తోనే వాడుకోమని పెద్దాయన చెప్పించాడు. అంతకన్నా ఆ కుర్రాడికి మన దేశంలో దొరికే సాయం ఏమీ లేదు. నాకు ఒళ్ళు మండింది అక్కడే.

మనకి చట్టాలు లేక కాదు. వాహన తయారీదారుల సంఘం 2012లోనే స్వచ్ఛంద రీకాల్ నియమావళి పెట్టుకుంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఎ సెక్షను చేర్చారు, లోపమున్న బండ్లని వెనక్కి పిలవమని కేంద్రం ఆదేశించవచ్చు. 2021 ఏప్రిల్ 1 నుంచి నిబంధనలూ అమల్లోకి వచ్చాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర ప్రాధికార సంస్థకి ప్రమాదకరమైన ఏ వస్తువునైనా వెనక్కి తెప్పించే అధికారం ఉంది. ఇవన్నీ ఢిల్లీలో ఉన్నాయి. వించ్ మాత్రం ఆన్‌లైన్‌లోనో, చుట్టాల సూట్‌కేసులోనో, విడిభాగాల బజారులోనో చేతులు మారుతుంది. బిల్లుండదు, ఉన్నా దాని మీద కొన్నవాడి ఫోన్ నంబరుండదు. గట్టి వెల్డింగు చేసి, వైరింగ్ శుభ్రంగా లాగి, ఆ వించ్‌ని పదేళ్ళు కదలకుండా బిగించగల పనివాళ్ళు మన ఆటోనగర్లలో కోకొల్లలు. వాళ్ళకి ఫలానా రిమోట్ ప్రమాదమని తెలుగులో ఒక్క ముక్క చెప్పే ఏర్పాటు మాత్రం లేదు. చెబితే గ్రాండ్ జంక్షన్ పెద్దాయనకి ఏమాత్రం తీసిపోకుండా చూస్తారు వాళ్ళు, అది నా గట్టి నమ్మకం.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. రీకాల్ ప్రకటనల్ని తెలుగులో రవాణా శాఖ కార్యాలయాల గోడ మీద, ఆటోనగర్ సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టమనండి. వించ్ అమ్మిన ప్రతి దుకాణమూ, బిగించిన ప్రతి షెడ్డూ ఒక నోటు పుస్తకంలో పేరు, ఫోన్ నంబరు, సామాను నంబరు రాసిపెట్టుకోవాలి. పాతది ఇంకొకరికి ఇచ్చేటప్పుడు ఆ నంబరు ఫొటో వాళ్ళకి పంపండి. మీ బండికి వైర్‌లెస్ వించ్ ఉంటే ఇవాళే స్టిక్కరు చూడండి, ఆ నంబరుతో తయారీదారు ప్రకటనలు వెతకండి. బటన్ వదిలినా డ్రమ్ము ఒక్క క్షణం ఎక్కువ తిరిగితే రిసీవర్ ప్లగ్గు పీకేసి, అమ్మినవాణ్ణి అడగండి. అతను వినకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. తెలుగులోనే మాట్లాడవచ్చు.