పళ్లు తెల్లగా కావాలంటే ముందు ఇది చదవండి

మేము నల్గొండ జిల్లా తండాల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నోళ్లం. మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఫోటో అంటే మాలో సగం మందిమి నోరు మూసుకొనే నవ్వుతం. పళ్ల మీద గోధుమరంగు చారలు. "పళ్లు తోముకోవా?" అని క్లాసులో అడుగుతరు.

ఇప్పుడు హాస్టల్ నిండా నిమ్మకాయ, బొగ్గుపొడి వీడియోలే. నిమ్మ పులుపు పంటి పైపొరను కరిగిస్తది, బొగ్గు గీకేస్తది. ఆ పొర మళ్లీ పుట్టదు. తర్వాత చల్లటి నీళ్లు తాగినా జివ్వుమంటది.

చాయ మరక, గుట్కా మరక పైపైనే ఉంటయి. మెత్తటి బ్రష్, శనగగింజంత పేస్టు, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. చాయ తాగినంక నీళ్లతో పుక్కిలించాలె. గార గట్టిపడితే డాక్టరుతో క్లీనింగ్ చేయించుకోవాలె. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో సర్కారు దంత ఆసుపత్రి ఉంది. క్లీనింగ్‌తో పళ్లు కదులుతయనేది ఉత్త మాట. గుట్కా మాత్రం మానాలె, అది మరకతో ఆగేది కాదు.

మా చారలు వేరు. చిన్నప్పుడు పళ్లు చిగుళ్ల లోపల తయారయ్యేటప్పుడే బోరునీళ్ల ఫ్లోరైడ్ వాటిలోకి చేరింది. లీటరు నీళ్లల్లో అది 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు. ఎంత తోమినా ఈ చార పోదు, డాక్టరే కొంత తగ్గించగలడు. అందుకే ఎవరన్నా అడిగితే మేము ఇప్పుడు "నీళ్లు" అని ఒక్క ముక్క చెప్తున్నం.

ఇంట్ల ఎనిమిదేండ్లు నిండని పిల్లలుంటే ఈ రోజే ఫోన్ చేయండి. తాగడానికి, వంటకు బోరునీళ్లు వద్దని, నల్లాలో వచ్చే కృష్ణ నీళ్లే పట్టుమని అమ్మకు చెప్పండి.