బస్సుల బాట

2010లో ఢిల్లీ నగరమున మా తమ్ముని కారులో మూల్‌చందు వైపునకుఁ బోవుచుంటిమి. ఆ వీథి నడుమ 2008లో బస్సులకుఁ బ్రత్యేకముగ బాట యేర్పఱచిరి. కార్లు కదలకుండుటఁ జూచి మావాఁడు బండిని అందులోనికిఁ ద్రిప్పెను. వేళకుఁ జేరుదుము గదా యని నేనును సంతసించితిని. ఇంతలో వెనుక బస్సు మోఁత! తిరిగి చూడఁగా దాని నిండ నిలుచున్న స్త్రీలు. ఒకతె చంక బిడ్డ. వారి త్రోవ కడ్డుపడినది మేమే. నాకు తలయెత్త సిగ్గయ్యెను.

లండనులో బస్సుల బాట ఖాళీగ నున్నను కార్లవారు ప్రక్కనే వేచియుందురని అచట నుండు మా ఆఁడుబిడ్డ చెప్పెను. తప్పినవారి బండిని కెమెరా పట్టును, జుల్మానా యింటికి వచ్చును. ధర్మబుద్ధియో, దండభయమో! బస్సు మాత్రము సాగును.

ఢిల్లీలోనో, ఆ బాటపై వ్యాజ్యము వేసిరి. 2012లో హైకోర్టు దానిని త్రోసివేసెను. అయినను 2016లో బాటను పెఱికివైచిరి. తమ్ముఁడు సంతోషముతో జాబు వ్రాసెను; నేను బదులు వ్రాయలేదు.