కిటికీ లేని అర్రల ఆర్కిడ్

కామాఠిపుర, గ్రాంట్ రోడ్
ముంబయి

వదినా,

ఎండ పొడ తగలని ఇంట్ల ఆకులు అట్ల ఎట్ల మెరుస్తున్నయని ఫోన్ల అడిగినవు గదా. అది ఫోన్ల తేలే ముచ్చట కాదని రాస్తున్న.

ఇది ఆర్కిడే, కానీ దాదర్ పూలమార్కెట్ల కట్టలుగ అమ్మే రకం కాదు. దీని సోకంత ఆకులనే. పేరు లుడీసియా. ముదురు వంకాయరంగు మఖ్మల్ ఆకు మీద నిలువుగ రాగితీగలు లాగినట్టు ఎర్రటి ఈనెలు. చలికాలంల సన్న కాడకు తెల్లపూలు పూస్తది. వాటి కోసం అయితే నేను దీన్ని పెంచకపోదును.

దక్షిణ చైనా నుంచి ఇండోనేషియా దాకా అడవులల్ల, పెద్దచెట్ల కింద రాలిన ఆకుల మీద పాకుతది. నేల దాకా దిగే వెలుగు అక్కడ చాన తక్కువ. అందుకే ఆకు పైపొరల కణాలు పైకి ఉబ్బి ఉంటయి, పక్కల నుంచి వచ్చే వెలుగును గూడ లోపలికి మళ్ళిస్తయి. మఖ్మల్ లెక్క కనబడుడు గూడ ఆ ఉబ్బుతోనే. మన ఇల్లు గూడ అసుంటిదే. 18వ శతాబ్దం చివరి నుంచి మన తెలంగాణోళ్ళు కామాఠీలుగ, అంటే కూలీలుగ, వచ్చి కట్టిన ఊరు ఇది, అండ్ల మనకు దక్కింది కిటికీ లేని ఖోలీ. ఈ మొక్కకైతే అదే అచ్చొచ్చింది. లామింగ్టన్ రోడ్డుల కొన్న ఎల్‌ఈడీ పట్టీ గిన్నెల అర కింద అంటించిన. పొద్దటి చాయ్ నుంచి రాత్రి వంట దాకా వెలుగుతది, దానికి చాలు.

నీకు పంపే కొమ్మలకు నీ దగ్గర భయం గాలితోని. ఇక్కడ వానకాలంల గోడలకే చెమట పడతది. నీ జగిత్యాలల అయితే ఏప్రిల్, మే నెలల వడగాలికి ఆకు అంచులు కాగితం లెక్క అయితయి. కూలర్ ఉన్న అర్రల పెట్టు, గాలి మాత్రం నేరుగ కొట్టనియ్యకు. పెద్ద కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసి మొక్క మీద బోర్లించు, మూత తీసి ఉంచు. మూత బిగిస్తే బూజు పడతది.

మట్టిల పెట్టకు వదినా. కొబ్బరిపొట్టు, బొగ్గుముక్కలు, పగిలిన కుండపెంకులు కలిపి లోతు లేని గిన్నెల పొయ్యి. కొమ్మను నిలువుగ గుచ్చకు, కణుపు తగిలేటట్టు పండవెట్టు, కణుపు కాడనే వేర్లు వస్తయి. పైపొర ఆరినంకనే నీళ్ళు. నల్లా నీళ్ళు ఒక రాత్రి నిలవపెట్టి పొయ్యి. నీళ్ళు ఎక్కువైతే కాడ మెత్తవడి కుళ్ళుతది. అప్పుడు మంచి ముక్క కోసి మళ్ళ పండవెట్టుడే.

బంగారు ఈనెల మకోడీస్ ఆర్కిడ్ గూడ అడిగినవు. అది తేమ ఏమాత్రం తగ్గినా ఓర్వది, మొదలు దీన్ని బతికించు. ఇంకో మాట, అడవిల పీకి అమ్మేటోళ్ళ కాడ కొనకు. దీని చుట్టాలు అనెక్టోకైలస్ మొక్కలు మన పడమటి కనుమలల్ల ఉన్నయి. చైనా, తైవాన్ దిక్కు ఆ జాతినే మందు కోసం పీకి పీకి అడవిల కరువు చేసిన్రు. కొమ్మ నుంచి కొమ్మ ఇంత సులువుగ వచ్చేటప్పుడు ఆ పాపం ఎందుకు?

మన చాళ్ళు కూలగొట్టి టవర్లు కడతరన్న ముచ్చట మళ్ళ నడుస్తున్నది. పదో అంతస్తుల కిటికీ నిండ ఎండ వస్తే ఈ కుండీలకు పరదా కుట్టాలె.

రెండు కొమ్మలు తడిగుడ్డల చుట్టి టిఫిన్ డబ్బాల పెట్టి కోరుట్ల బస్సుల పంపుతున్న. అందిన పొద్దే తీయి. డబ్బా మాత్రం ఖాళీగ పంపకు, నువ్వులపొడి అయిపోయింది.

ఒకప్పటి నీ పక్క ఖోలీ వదిన