కంప్యూటరులోని కవిలె

పూర్వము గ్రామమునకు కరణమెట్లో, నేటి కార్యాలయమునకు సిబ్బంది వ్యవహారముల శాఖ అట్టిది. ఎవరి భూమి యెంతయో కరణము కవిలెకట్టలో వ్రాసియుంచెడివాడు. ఎవరెప్పుడు కొలువున చేరిరి, జీతమెంత, సెలవులెన్ని, వారసులెవరు అను సంగతులను ఈ శాఖవారు కంప్యూటరునందు భద్రపరతురు. ఆంధ్రప్రదేశమున కరణముల పదవులు 1984లో రద్దయ్యెను గాని, కవిలెలో పేరు తప్పినవారి కష్టము నేటికిని తీరలేదు.

మేము కొన్నియేండ్లుగా ఇట్టి శాఖయందే పనిచేయుచున్నాము. సాఫ్టువేరునందు ప్రతి యుద్యోగికిని ఒక సంఖ్యయు, దాని క్రింద కొన్ని అరలును ఉండును. నియామకపు ఉత్తరువు, చదువుల పట్టాలు, బ్యాంకు ఖాతా, హాజరు, వారసుల పత్రము - దేని చోట దానిని ఉంచవలయును. పోపులపెట్టె సర్దుకొను ఇల్లాలికి ఈ సంగతి వివరింపనక్కరలేదు.

మన తెలుగు పేర్లు ఈ యంత్రమునకు పెద్ద చిక్కు. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనుక. యంత్రమో, మొదటి పేరు, కడపటి పేరు అని రెండు గళ్లు చూపును. ఒకరు ఇంటిపేరును మొదటి గడిలో వ్రాయుదురు. ఒకరు కడపటి గడిలో వ్రాయుదురు. వేరొకరు ఒక్క యక్షరముతో సరిపుత్తురు. స్త్రీలకు ఈ చిక్కు రెట్టింపు. బడి పట్టాలో పుట్టినింటి పేరు, ఆధారు కార్డులో మెట్టినింటి పేరు, బ్యాంకులో భర్త పేరు చేర్చిన మరియొక పేరు. మనిషి యొక్కతెయే, కాగితములలో మువ్వురు!

భవిష్యనిధి చందాదారులకు 2014 నుండి 12 అంకెల సంఖ్య నిచ్చుచున్నారు. కొలువు మారినను అది మారదు. కాని పేరు కలియనిదే సొమ్ము కదలదు. మాతో పనిచేసిన యొక సోదరి, కుమార్తె కళాశాల రుసుమునకై తన నిధి సొమ్ము కోరగా, పేర్లు వేరుగా నున్నవని అర్జీ మరలివచ్చెను. సవరణలు ముగియులోపల గడువు దాటెను. తన సొమ్ము తనకుండగనే, ఆమె గాజులు కుదువబెట్టి రుసుము కట్టినది.

హాజరు పట్టీయు చిన్నది కాదు. 2017 సవరణచే మొదటి రెండు కాన్పులకు ప్రసూతి సెలవు 12 వారములనుండి 26 వారములకు పెరిగెను. అయినను కాన్పునకు ముందటి 12 నెలలలో కనీసము 80 దినములు పనిచేసినట్లుండవలయును. ఆ సాక్ష్యము చెప్పునది ఆ పట్టీయే.

ఇక గోప్యత మాట. వైద్యుల పత్రములు, జీతపు వివరములు అందరి కంటను పడదగినవి కావు. ఎవరే అర తెరువవచ్చునో మంచి సాఫ్టువేరునందు ముందే నిర్ణయింపవచ్చును. ఎవరెప్పుడేమి మార్చిరో కూడ అందు నమోదగును. వ్యక్తుల సమాచార రక్షణకై 2023లో మన పార్లమెంటు చట్టము చేసినది. కాని సంకేతపదమును పదుగురికి చెప్పుట, తాళము వేసి చెవిని గుమ్మమున వ్రేలాడదీయుటయే.

కావున సోదరీమణులారా! ఉద్యోగము చేయువారు ఏటికొకమారైనను తమ పేరు, పుట్టిన తేది, ఖాతా సంఖ్య సరిచూచుకొనుడు. పెండ్లియైన పిమ్మట వారసుల పత్రమును క్రొత్తగా వ్రాయుడు. భర్త యుద్యోగియైనచో ఆయన పత్రమున మీ పేరు కలదో లేదో యడుగుడు. అట్లడుగుట అశుభము కాదు. సంసారము చక్కబెట్టుకొనుటలో అదియు నొక భాగమే.